వలయము నడుమ పావురము



గడచిన దసరా సెలవులకు మా సంఘములోని యొక కాలేజీ అమ్మాయి ఇంటికి వచ్చుచు, చుట్టగా చుట్టిన కాగితమొకటి తెచ్చి నా చేతిలో పెట్టెను. "అయ్యగారూ, క్రిస్మసుకు మా యౌవనుల కూటమి తరపున ఈ బొమ్మ చర్చిలో పెట్టుకుంటాం. ప్రసంగపీఠం వెనకాల గోడ సగం ఖాళీగానే ఉంది కదా" అనెను. కాగితమును విప్పి బల్లమీద పరచితిమి. అప్పుడే వచ్చిన మా సంఘపెద్ద కండ్లద్దములు సవరించుకొని కొంతసేపు చూచి, "ఇదేం బొమ్మ అయ్యగారూ! సంటిపిల్లోళ్లు గీసినట్టుండాది. మొగాలు తెలీవు, గుడ్డలు తెలీవు. పైగా ఆట. దేవుని ఇంట్లో ఆటేంది?" అనెను. గీసినవాడెవరో అడిగి తెలిసికొని, "ఆయన దేవుని నమ్మిన మనిషేనా?" అని మరల ప్రశ్నించెను. కాదని ఆ బిడ్డ దాచక చెప్పెను.

నేను ఆ దినమున ఏ తీర్పును చెప్పలేదు. బొమ్మను నాయొద్ద ఉంచుకొంటిని. మాది సింహాద్రిపురము మండలములో చీనీతోటల నడుమనున్న చిన్న పల్లె. చిత్రప్రదర్శనలు మాకు దూరము. మా గోడలమీదనుండునవి అంగడివారిచ్చిన క్యాలెండర్లు. అయినను బొమ్మను చదువుట మనకు తగని పనియని యనుకొనకుడి. మన తెలుగు లూథరన్ సంఘపు కాపరియైన పి. సాలమన్ రాజుగారు చెక్కమీద చెక్కిన అచ్చుబొమ్మలతోను, మైనపు అద్దకముతో రంగులు వేసిన గుడ్డలతోను వాక్యమును చూపిరి గదా. వేదాంత కళాశాలలో మా గురువులు వాక్యభాగమును చదువు పద్ధతి యొకటి నేర్పిరి: మొదట ఉన్నదానిని చూడుము, పిమ్మట లేనిదానిని చూడుము, కడపట అది నిన్ను ఏమి అడుగుచున్నదో వినుము. ఆ పద్ధతినే ఈ బొమ్మకు పెట్టి చూచితిని. నాకు తెలిసినదానిని మీ యెదుట ఉంచుచున్నాను.

మొదట ఉన్నదానిని చూతము. ఇది పాబ్లో పికాసో 1961వ సంవత్సరములో గీసిన బొమ్మ. ఆయన 1881లో స్పెయిను దేశమున మాలగా పట్టణములో పుట్టి, ఫ్రాన్సులో నివసించి, 1973లో మరణించెను. బొమ్మలో కొందరు మనుష్యులు చేయిచేయి కలిపి గుండ్రముగా ఆడుచున్నారు. ఒక్కొక్కరు రంగుగీతలు కొన్ని మాత్రమే. ఒకరు నీలము, ఒకరు పచ్చ, మరియొకరు వేరొక రంగు. వలయము నడుమ ఆకుకొమ్మతో కూడిన పావురమున్నది. ఇల్లు లేదు, చెట్టు లేదు, ఆకాశము లేదు. తెల్లకాగితమే నేల, తెల్లకాగితమే ఆకాశము.

మా పెద్దగారి మొదటి మాట, చిన్నపిల్లలు గీసినట్లున్నదని. ఆ మాటలో తప్పులేదు. కాని గీసినవానికి చేతకాక అట్లు గీయలేదు. ఆయన తండ్రి చిత్రకళ బోధించు గురువు. కుమారుడు 1896లో, ఇంకను పదునైదేండ్లు నిండకముందో నిండుచుండగనో, 'మొదటి ప్రభుభోజనము' అను పెద్ద చిత్రమును వేసెను. అందులో ఆయన చెల్లెలు తెల్లని వస్త్రము ధరించి బలిపీఠము నెదుట మోకరించియున్నది. ఆ వస్త్రపు మడతలును, క్రొవ్వొత్తులును, తండ్రి ముఖమును కంటికి కనబడునట్లే గీసెను. అంతటి చెయ్యి అరువది యైదేండ్ల తరువాత ముఖములను విడిచిపెట్టెనంటే, కావలెననియే విడిచిపెట్టెనని తెలిసికొనవలెను.

ఎందుకు విడిచిపెట్టెను? మీరే యోచించుడి. మనము పల్లెలో ఒక మనిషిని చూడగానే ఏమి చదువుదుము? పంచె కట్టును చదువుదుము, మెడలోని గొలుసును చదువుదుము, ఇంటిపేరును అడుగుదుము, ఏ వీధివాడో తెలిసికొందుము. ఆ తరువాతనే కూర్చుండుమని చెప్పుటయో చెప్పకపోవుటయో. ఈ బొమ్మలో చదువుటకు అవి ఏవియు లేవు. ధనికుడో కూలివాడో, పై వీధివాడో క్రింది వీధివాడో కనుగొనుటకు గుర్తు లేదు. మిగిలినది ఒక్కటే: అతని చేతిలో పొరుగువాని చెయ్యి యున్నది. పొరుగువాని చేతిని పట్టుకొన్న చేతిలో వేటకొడవలికి చోటులేదు. కక్షలవలన పేరు చెడిన మన ప్రాంతమువారికి ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ మాట, దేవుని యింట ఆటయేమిటని. మన సీమలో చెక్కభజన చూడనివారు లేరు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతులలో చెక్కలు పట్టి, గురువు వేసిన కోపును బట్టి అడుగు వేయుచు గుండ్రముగా తిరుగుదురు. దానిని చూచి కాలు కదలనివాడెవడు? పరిశుద్ధ గ్రంథమును కూడ తెరచి చూడుడి. నిర్గమకాండము పదునైదవ అధ్యాయములో ఎఱ్ఱసముద్రమును దాటిన వెంబడి మిర్యాము తంబుర పట్టుకొనగా స్త్రీలందరు ఆమె వెంట నాట్యమాడుచు బయలుదేరిరి. అదే గ్రంథము ముప్పది రెండవ అధ్యాయములో అదే జనులు సీనాయి కొండ క్రింద మరల నాట్యమాడిరి. మొదటి ఆట దేవుని స్తుతి. రెండవ ఆటను చూచి మోషే కోపముతో రాతిపలకలను పగులగొట్టెను. ఆడినవారు వేరుకారు, ఏండ్లు కూడ గడువలేదు, కొన్ని నెలలే. మరి భేదమెక్కడ? మొదటి ఆటకు నడుమ తమ్మును విడిపించిన దేవుడున్నాడు. రెండవ ఆటకు నడుమ దూడ యున్నది. కాబట్టి ఏ ఆటనైనను చూచినప్పుడు అడుగవలసిన ప్రశ్న, కాళ్లు కదలుచున్నవా యని కాదు. నడుమనున్నది ఏమి యని.

ఈ బొమ్మకు నడుమనున్నది పావురము. దాని చరిత్ర కొంత తెలిసికొనదగినది. పికాసో తండ్రి పావురముల బొమ్మలు వేయుటలో ప్రీతిగలవాడు. కుమారుడు 1949 జనవరిలో రాతి అచ్చుతో ఒక తెల్ల పావురమును ముద్రించెను. దానికి మూలమైన పక్షిని ఆయనకు కానుకగా ఇచ్చినవాడు మాటిస్ అను మరియొక గొప్ప చిత్రకారుడు. ఆ సంవత్సరము ఏప్రిలులో పారిసు నగరమున జరిగిన ప్రపంచ శాంతి మహాసభకు ఆ పావురమే గోడపత్రమాయెను. ఆ దినములలోనే ఆయనకు కుమార్తె పుట్టగా 'పలోమా' అని పేరుపెట్టెను. స్పెయిను భాషలో పావురమని దాని యర్థము. ఆయన యుద్ధమును ఎరుగనివాడు కాడు. 1937 ఏప్రిలు 26వ తేదీన స్పెయినులోని గెర్నికా పట్టణముమీద జర్మను, ఇటలీ విమానములు బాంబులు కురిపించినప్పుడు, ఆ యేడే దానిని గూర్చి గోడంత చిత్రము వేసి పారిసులో ప్రదర్శించెను. చచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకొని కేకవేయు తల్లి అందులో నున్నది. ఆ తల్లిని గీసిన చెయ్యియే ఇరువది నాలుగేండ్లకు ఈ ఆటను గీసెను. ఇది దుఃఖమెరుగని పిల్లల ఆట కాదు.

మూడవ మాట, గీసినవాడు విశ్వాసి కాడని. నిజమే. ఆయన 1944లో ఫ్రాన్సు దేశపు కమ్యూనిస్టు పార్టీలో చేరెను, దేవుడు లేడనువాడు. అయితే అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో మాటలాడునప్పుడు ఆ జనుల కవులు చెప్పిన మాటలనే ఎత్తి దేవుని గూర్చి బోధించెను. సత్యము ఎవని నోట వచ్చినను అది దేవుని సొత్తే. అట్లని నేను కన్నులు మూసికొని పొగడువాడను కాను. ఆ పావురమును ఎగురవేసిన శిబిరమునకు చెందిన సోవియట్ సేనలే 1956 నవంబరులో హంగేరీ దేశపు తిరుగుబాటును ట్యాంకులతో అణచివేసెను. ఆ విషయమై పార్టీలో చర్చ జరుగవలెనని కోరిన పత్రముమీద సంతకము చేసినవారిలో పికాసో ఒకడు. అయినను పార్టీని విడువలేదు. శాంతి పావురము ఒక పక్షమువారి గోడపత్రమైనప్పుడు దాని రెక్కకు మరక తగులును. మనము నవ్వనక్కరలేదు. మన పల్లెలలో రాజీ పంచాయితీ పెట్టించువాడు అనేకసారులు ఏదో ఒక వర్గపువాడే గదా. "అందరూ మా వైపుకు వచ్చి కలిసిపొండి" అనునది అతని సమాధానము.

ఇప్పుడు బొమ్మలో లేనిదానిని చూతము. ఆకుకొమ్మ పట్టిన పావురము మనకు క్రొత్తది కాదు. ఆదికాండము ఎనిమిదవ అధ్యాయములో నోవహు దానిని విడిచెను. మొదటిసారి దానికి కాలు మోపుటకు చోటు దొరకలేదు. అలసి తిరిగివచ్చినప్పుడు నోవహు చెయ్యి చాపి దానిని పట్టుకొని లోపలికి తీసికొనెను. ఏడు దినములైన తరువాత మరల విడువగా సాయంకాలమున ఒలీవ ఆకుతో వచ్చెను. అనగా ఆ ఆకు వెనుక జలప్రళయమున్నది. పాపమున్నది, తీర్పున్నది, మునిగిపోయిన లోకమున్నది, కనిపెట్టుకొనియున్న దినములున్నవి. పికాసో బొమ్మలో ఆకున్నది, నీళ్లు లేవు. పావురము వచ్చినది గాని అది ఏ నీళ్లమీదనుండి వచ్చెనో, దానిని ఎవరు పంపిరో బొమ్మ చెప్పదు. మన ప్రభువు బాప్తిస్మము పొందినప్పుడు ఆయనమీద పావురమువలె దిగివచ్చిన ఆత్మ ఆయనను సిలువ మార్గమున నడిపించెను. క్రైస్తవుని సమాధానమునకు గాయపు గుర్తున్నది. ఈ బొమ్మలోని సమాధానమునకు అది లేదు. ఇది దాని కొరత. కొరతయున్నదని చెప్పుచున్నాను గాని అబద్ధమని చెప్పలేదు.

మరియొకటి కూడ లేదు. దానిని చూచుటకు నాకు చాల దినములు పట్టెను. పావురమును ఇచ్చిన మాటిస్‌ను గూర్చి చెప్పితిని గదా. ఆయన 1910లో మాస్కో నగరపు వర్తకుడైన షుకిన్ అనువాని యింటి మెట్లదారికొరకు 'నాట్యము' అను చిత్రమును వేసెను. ఎత్తు రెండున్నర మీటర్లకు పైగా, వెడల్పు నాలుగు మీటర్లకు కొంచెము తక్కువ. ఇప్పుడది రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. పచ్చని నేల, నీలి ఆకాశము, ఎఱ్ఱని మనుష్యులు అయిదుగురు వలయముగా ఆడుచున్నారు. వస్త్రములు లేని బొమ్మలు గనుక మన మందిరములలో తగిలింపదగినది కాదు; నేనును దానిని పుస్తకములోనే చూచితిని. అయితే అందులో ఒక సంగతి గమనింపుడి. అయిదుగురి చేతులును కలిసి లేవు. ముందు ప్రక్కనున్న మనిషి ఒడలంతయు వంచి చెయ్యి చాచుచున్నది. ఎడమ ప్రక్కనున్న మనిషి చెయ్యి వెనుకకు చాచియున్నది. రెండు చేతులకు నడుమ కొద్ది సందు మిగిలియున్నది. వలయము అక్కడ తెగియున్నది. చూచువాని కన్ను మాటిమాటికి అక్కడికే పోవును.

పికాసో వలయము మూయబడిన వలయము. లోపలనున్నవారికి ఆనందమే. అయితే బయట ఒకడు నిలిచియుంటే? చేతులు గట్టిగా పట్టుకొన్నవారు అతనిని ఎట్లు చేర్చుకొందురు? ఎవరో ఇద్దరు, తాము ఎంతో యిష్టముగా పట్టుకొన్న చేతులను ఒక్క క్షణము విడువవలెను. విడిచి, ఆ సందులోనికి అతనిని రానిచ్చి, మరల పట్టుకొనవలెను. అంతసేపు ఆట చెడును, తాళము తప్పును. తాళము తప్పినను సరేయనువారు ఇద్దరైనను లేకపోతే, బయటివాడు బయటనే యుండును.

లూకా సువార్త పదునైదవ అధ్యాయములో ఈ సంగతియే యున్నది. తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చెను. ఇంటిలో వాద్యములును నాట్యమును. పెద్ద కుమారుడు పొలమునుండి వచ్చి ఆ ధ్వని విని లోపలికి పోనొల్లక బయటనే నిలిచెను. అప్పుడు విందు చేసిన తండ్రి ఏమి చేసెను? "రానివాడు రాకపోనిమ్ము" అనలేదు. నాట్యము జరుగుచుండగనే, దొరికిన కుమారునియొద్దనుండి లేచి, వెలుపలికి వెళ్లి బ్రతిమాలుకొనెను. ఆ తండ్రి వలయమును తెగనిచ్చెను. పెద్దవాడు లోపలికి వచ్చెనో లేదో ప్రభువు చెప్పలేదు. కథ అక్కడ సందు విడిచి నిలిచిపోయెను.

బొమ్మ నన్ను ఏమి అడిగెనో ఇప్పుడు చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుపడుచున్నాను గాని దాచుటకు నాకు హక్కులేదు. మా సంఘములో రెండు కుటుంబములున్నవి. ఒకే తాత బిడ్డలు. బోరునీళ్లయొద్ద మొదలైన మాట, ఎన్నికలనాటికి రెండు పక్షములాయెను. పిమ్మట పోలీసు కేసులాయెను. పదునొకండు సంవత్సరములుగా ఒక కుటుంబము మందిరములో కుడిప్రక్కను, ఒక కుటుంబము ఎడమప్రక్కను కూర్చుండుచున్నవి. ప్రభురాత్రి భోజనమునకు ఒకరు మోకరించిన కమ్మియొద్దకు మరియొకరు రారు. దీనికి నేనేమి చేసితిని? రెండు పంక్తులు ఏర్పాటు చేసితిని. మొదట వీరు, తరువాత వారు. గొడవ లేకుండ జరుగుచున్నదని దేవునికి స్తోత్రము కూడ చెల్లించితిని. దానికి సమాధానమని పేరుపెట్టితిని.

ఒక రాత్రి ఆ బొమ్మను చూచుచుండగా నేను చేసినది నా కన్నులకు కనబడెను. నేను ఒక వలయమును రెండు వలయములుగా చేసితిని. రెండును చక్కగా మూయబడియున్నవి. రెండింటి నడుమను ప్రభువు శరీరమును నేనే పెట్టుచున్నాను. రొట్టె ఒక్కటే, విరిచినవాడను నేనే. కాని పగిలిన సంఘమును పగులు కనబడకుండ ఉంచినవాడను కూడ నేనే. కాపరి యనిపించుకొని కంచె వేసితిని.

డిసెంబరు మొదటి ఆదివారమున ఇక మీదట ఒకే పంక్తియని ప్రకటించితిని. ఎందుకో కూడ, నా తప్పుతో సహా, చెప్పితిని. ఒక కుటుంబమువారందరు వచ్చి మోకరించిరి. రెండవ కుటుంబములో కుమారులు కూర్చున్నచోటునుండి లేవలేదు. వారి ముసలితల్లి మాత్రము గోడ పట్టుకొని నడిచివచ్చి కమ్మి చివర మోకరించెను. ఆమెకును వారికిని నడుమ ఇద్దరు మనుష్యులు పట్టునంత చోటు మిగిలెను. నేను ఆ సందుకు ఈ ప్రక్కను రొట్టె యిచ్చి, ఒక అడుగు వేసి, ఆ ప్రక్కను ఇచ్చితిని. ముప్పది సంవత్సరములకు దగ్గరగా ఈ పని చేయుచున్నాను; అంత బరువైన అడుగు ఎన్నడును వేయలేదు. ఆ సాయంకాలము ఆ కుమారుల యింటికి వెళ్లితిని. కాఫీ యిచ్చిరి. చీనీకాయల ధరను గూర్చి మాటలాడిరి. ఉదయమున జరిగినదానిని గూర్చి వారు ఎత్తలేదు. నేను ఎత్తగా నేలచూపు చూచిరి. ఆ తరువాత రెండుసారులు వెళ్లితిని. ఇంకను వెళ్లుదును.

ఇక బొమ్మ సంగతి. అమ్మాయికిని పెద్దగారికిని నా తీర్పు ఇట్లు చెప్పితిని. ప్రసంగపీఠము వెనుక సిలువయే యుండవలెను. ఈ బొమ్మ చెప్పనిదానిని అది చెప్పుచున్నది. కాని బొమ్మను త్రిప్పి పంపము. వాకిటి ప్రక్కన, చెప్పులు విడుచుచోట, లోపలికి వచ్చువారందరు చూచునట్లు తగిలింతము. అది చెప్పగలిగినది అక్కడ చెప్పవలసిన మాటయే. క్రిస్మసు రాత్రి దానిని అక్కడ తగిలించిరి. మా యౌవనులు బయట పందిరిలో కోలాటమాడిరి. కోలాటములో చేతులు పట్టుకొనరు, కోలకు కోల తగిలింతురు. అయినను జోడు లేనిదే ఆట సాగదు. పెద్దగారు కుర్చీ వేసికొని కడవరకు చూచిరి. ఆట మంచిదో చెడ్డదో ఆయన చెప్పలేదు, నేనును అడుగలేదు.

చదువరులారా, మీ సంఘములోను పాట యున్నది, స్తుతి యున్నది, చేతులు కలిపినవారున్నారు. సంతోషమే. వచ్చు ఆదివారమున కూర్చున్నచోటనే ఒక్కసారి చుట్టు చూడుడి. మీ వలయము ఎక్కడ మూయబడియున్నది? ఎవరు వాకిటియొద్ద నిలిచియున్నారు? వారు లోపలికి వచ్చుటకు మీరు ఎవరి చేతిని ఒక్క క్షణము విడువవలసియున్నది? బహుశః అది మీకు మిక్కిలి ప్రియమైన చెయ్యియే కావచ్చును.

అలసిన పావురమునకు చెయ్యి చాపుటకు నోవహుకు మనస్సిచ్చిన దేవా, విందు విడిచి వెలుపలికి వచ్చిన తండ్రీ, మేము మూసిన చోట నీవు తెరువుము. ఆ సందులో నిలుచుటకు మాకు ధైర్యము దయచేయుము. ఆమేన్.